బొరియ పట్టని నవల

ఎండిపోతున్న చెరువును వదిలి నీళ్లు వెతుక్కుంటూ బయల్దేరిన తాబేలు గురించి ఒక ఏదుపంది నవల మొదలుపెట్టింది. వీపు మీది ముల్లు పీకి తాటాకుల మీద రాసేది. మొదటి నాలుగాకులు విని అడవంతా లొట్టలేసింది. అక్కడితో ఎవరినీ అడక్కుండా రాసుకుపోతే బావుండేది. "ఇంకేం కలపమంటారు?" అని అడిగింది, మహానుభావుడు కదా!

"ఒక చావు పడాలి మామా," అంది కాకి. "వానపాట ఉందా?" అంది నెమలి. "రాజకీయం లేకపోతే అదీ ఒక నవలేనా?" అని నక్క ఏకంగా ఎన్నికలు పెట్టించింది. ఏదుపంది ఎవరినీ కాదనలేదు. ఆకుల కట్టలు బొరియ నిండా పేరుకుపోయాయి.

"ఏమయ్యా, తాబేలు ఇంకా గట్టు దిగలేదు. ఇక్కడ నాకు పడుకోడానికి చోటు లేదు," అని పెళ్లాం మొత్తుకుంది.

"నీకు సాహిత్యం తెలీదే!"

ఒకరోజు ఏదుపందిని చిరుత తరిమింది. ముళ్లు నిక్కపొడుద్దామంటే రాసి రాసి నాలుగే మిగిలాయి. బొరియలో దూరుదామంటే గుమ్మం దాకా కట్టలే.

"నువ్వు లోపలికి రావాలా, నక్క ఎన్నికలు ఉండాలా? తొందరగా తేల్చు!" అని లోపల్నించి పెళ్లాం అరిచింది.

ఏదుపంది చావునీ, వానపాటనీ, ఎన్నికలనీ లాగి వెనక్కి విసిరి లోపలికి దూరింది. చిరుత తన మొహాన పడ్డ ఎన్నికల్లో రెండాకులు చదివి, ఆవలించి, ఆకలి చచ్చి వెళ్లిపోయింది.

లోపల తాబేలు ఒక్కటే మిగిలింది.

"ఇంతకీ దానికి నీళ్లు దొరికాయా?" అంది పెళ్లాం.

"ఇంకా రాయలేదే."

"నీ సాహిత్యం తగలెయ్య! అది దాహంతో చస్తోందయ్యా. కూర్చుని రాయి."