పేరూ, వరసా

“ఈవిడ ఎవరో చెప్పండి చూద్దాం.”

డాక్టరమ్మ పెద్దాయన్ని అడిగింది. పక్క కుర్చీలో కూతురు ఊపిరి బిగబట్టింది.

మతిమరుపు జబ్బుకి కనిపెట్టిన కొత్త మందు మీద పరిశోధన అది. ఈ రోజుతో మొదటి విడత అయిపోతుంది. వెంట వచ్చిన మనిషి పేరూ, వరసా రెండూ చెప్పగలిగితేనే మందు పనిచేస్తున్నట్టు. లేదంటే ఆయన్ని తప్పించి ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. వేరే మందు లేదు.

ఊళ్లో సగం దుకాణాల బోర్డులు ఆయన చేత్తో రాసినవే. ఎవరెవరి పేర్లో అంత ముచ్చటగా రాసిన మనిషి కన్నకూతురి పేరే మరిచిపోయాడు. ఏం పాడు రోగమో! పొద్దున్నే కాఫీ తెచ్చి ఇస్తే, “ఎవరండీ మీరు?” అనేవాడు. మరిచిపోతే పోయాడు, ఆ ‘అండీ’ ఏమిటని వంటింట్లోకి పోయి ఏడ్చేది కూతురు.

వారం నుంచి ఆ ‘అండీ’ పోయింది. “అమ్మా, ఆకలేస్తోంది.” “అమ్మా, నన్నొదిలి ఎక్కడికీ వెళ్లకు.” చున్నీ అంచు పట్టుకుని ఆమె వెనకే తిరుగుతున్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఇంట్లో ఎన్ని అంటే ఏం లాభం? ఇక్కడ అనాలి.

“చెప్పండి పెద్దాయనా. ఈవిడ మీకేమవుతుంది?”

“ఏమవుతుందేమిటి? మా అమ్మ!”

డాక్టరమ్మ నవ్వేసింది. “మా నాన్నా ఇంతే. నన్ను పేరు పెట్టి పిలిస్తే ఒట్టు. పొద్దస్తమానం అమ్మా, అమ్మా అనే! సరే, మరి పేరు?”

ఆయన తల వంచుకున్నాడు. ఆమె వంక ఓరగా చూశాడు. కూతురి పెదవులు కదలబోయాయి. మాట్లాడొద్దని డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

ఆయన ఏదో తప్పు చేస్తున్నట్టు, మెల్లగా, పేరు చెప్పాడు. అక్షరం పొల్లుపోలేదు.

“మందు పనిచేస్తోందండీ!” డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

కూతురు బల్ల మీద తల వాల్చి భోరుమంది. ఎన్నాళ్ల ఏడుపో అది, ఎంతకీ ఆగలేదు.

వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి ఆయనకు చెప్పులు తొడుగుతుంటే కూడా కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆయన వంగి అరచేత్తో ఆమె చెంపలు తుడిచాడు.

“ఏడవకమ్మా. నాకు పెళ్లయి ఆడపిల్ల పుడితే, నీ పేరే పెట్టుకుంటాను.”