ఉతకని అంగీ

షైని చేసిచ్చిన లాకెట్టును రోజీ తిప్పి తిప్పి చూసింది. కాల్చిన మట్టిబిళ్ల మీద నేత పోగులు తేలి ఉన్నాయి.

"మంచిగున్నది. మా బాబు అంగీ ఏదక్కా?"

"గదే చెల్లె! తడిమట్టిల ముంచి బట్టీల వెట్టిన. బట్ట కాలి అచ్చు మిగిలింది. ఇగ ఎన్నటికీ చిరగదు," షైని మురిపెంగా అంది.

"కాలవెట్టినవా? అందరికి పూసల మీద బట్ట చుట్టి కుడ్తవు గద!"

"మాసి ఉండె. కుడితే బాగుండదని..."

"వాని వాసన పోతదనే ఉతకలే. వాణ్ని అలియాబాద్‌ల బొందవెట్టొచ్చినకాడికెల్లి గా అంగీ ముక్కుకాడ వెట్టుకునే పండుకుంటుంటి. పనికాడ గూడ మెడల ఉంటదని నీకిచ్చిన. మిగిలిన ముక్కన్న ఇయ్యక్కా."

షైని తల వంచుకుంది. "మొదటి బిళ్ల పగిలింది. మిగిలిందంతా దీనికే వట్టింది."

రోజీ లాకెట్టును ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చింది. కాసేపాగి, మళ్లీ పీల్చింది.