బాల్‌రాజ్ పంపిన మనిషి

"ఎవరు నువ్వు? నా మిషన్ మీద చెయ్యెందుకు పెట్టినవ్?"

చేవెళ్ల బస్టాండు ఎదుట ఉన్న తన కంప్యూటర్ సెంటర్‌లో పాండురంగం వేసిన ఆ కేకకు మైళ్ల అవతలి ఆలూరులో పాలిస్తున్న బర్రె ఉలిక్కిపడి చెంబును తన్నిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

బర్రె సంగతి ఏమో గానీ, కోపం మాత్రం నిజం.

మూలనున్న కంప్యూటర్ ముందు నలభై ఏళ్ల ఆవిడ కూర్చుని ఉంది. తెర మొత్తం నల్లగా ఉంది.

తెల్లవారితే పరీక్ష.

గచ్చిబౌలిలో అద్దాల మేడలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. అక్కడి కంపెనీ ఒకటి టైపింగ్ పనికి మనుషులను తీసుకుంటోంది. చేవెళ్ల, మొయినాబాద్ సెంటర్లలో ఏదో ఒకదానికే ఆ పని, అదీ పరీక్ష పెట్టి చూశాకే. పాండురంగం దగ్గర నేర్చుకునే ఆడపిల్లలంతా దాని మీదే ఆశ పెట్టుకున్నారు. రాకపోతే ముడిమ్యాల ఎల్లేశ్ కూతురు అశ్విని మళ్లీ క్యారెట్లు కడిగే కూలికే పోవాలి.

గచ్చిబౌలికి పోయే దారిలోని మొయినాబాద్ సెంటర్ బాల్‌రాజ్‌ది. అతనికీ పాండురంగానికీ పడదు.

పొలం గట్టు తగాదా కాదు, తెర మీది కిటికీల తగాదా. ఇద్దరి కంప్యూటర్లనూ నడిపేది లినక్స్ అనే ఒకే సాఫ్ట్‌వేర్. కాకపోతే లినక్స్‌కు ఎవరికి నచ్చిన ముఖం వాళ్లు తగిలించుకోవచ్చు.

బాల్‌రాజ్ కేడీఈ అనే ముఖం తగిలించాడు. అది మొయినాబాద్ ఫామ్‌హౌస్ అని పాండురంగం వెక్కిరింత. గేటు, లైట్లు, పచ్చగడ్డి అన్నీ ఉంటాయి, లోపలికి పోయేసరికి పొద్దుగూకుతుంది. గ్నోమ్ అని ఇంకో ముఖం ఉంది, అది సర్కారు దవాఖాన అనేవాడు. శుభ్రంగానే ఉంటుంది, ఏదడిగినా లేదంటారు.

తనది లార్క్. ఎవరో ఊరూ పేరూ చెప్పుకోకుండా రాసి, ఊరికే పంచిపెట్టిన బుల్లి విండో మేనేజర్. కిటికీలు తెరుస్తుంది, జరుపుతుంది, మూస్తుంది, అంతే. పాత ఇనుప సామాన్లవాడు కూడా వద్దన్న కంప్యూటర్లను జింకల్లా ఉరికించింది. కరెంటు పోయినా నడుస్తుందని పాండురంగం కోతలు కోస్తే నమ్మినవాళ్లూ ఉన్నారు.

అటువంటి లార్క్‌ను ఈవిడ తప్పుబడుతోంది.

రెండు కిటికీలను వెంటవెంటనే మూస్తే లార్క్ కూలిపోతుందట. తెరిచి ఉన్నవన్నీ దానితోపాటే పోతాయట, టైపు చేసింది కూడా దక్కదట. అదే చేసి చూపించానంది.

పాండురంగానికి నల్లటి తెర కనబడింది గానీ మాట చెవికెక్కలేదు.

"జర వినన్నా. రేపటి మందం ఇది తీసెయ్. కేడీఈ పెట్టు, మెల్లగనన్న నడుస్తది. లేదంటె నన్ను ఇంకో గంట కూసోనియ్యి."

కేడీఈ అన్న మాటతో పాండురంగం అరికాలి మంట నెత్తికెక్కింది.

"బాల్‌రాజ్ పంపిండా నిన్ను?"

"ఏ బాల్‌రాజ్?"

"ఏమెరుగనట్టు మాట్లాడకు. ఒకటి ఖరాబ్ చేసినవ్, ఇంకో గంట కూసోనిస్తె అన్నీ ఖరాబ్ చేస్తవ్."

ఆవిడకూ కోపం వచ్చింది. "దీన్ని రాసినోళ్లకు బుద్ధి లేదు. ఇంత పెద్ద బొక్క ఇడిసిపెడ్తరా ఎవరన్న?"

తనను తిట్టినా పాండురంగానికి అంత పొడుచుకు వచ్చేది కాదు. ఎక్కడో మంచు కురిసే దేశంలో ఓ దొర నెగడు పక్కన కూర్చుని లార్క్‌ను రాశాడని అతని ఊహ. ఆ దొర కలలోకి వస్తే లేచి నిలబడేవాడు.

"ఆయన కాలిగోటికి సరిపోతవా నువ్వు? లే. నడువ్."

ఆవిడ ఇంకేదో చెప్పబోయింది. అతను కుర్చీ లాగేశాడు, ఆవిడ సంచీ తీసుకుపోయి రోడ్డు మీద పెట్టాడు. ఆవిడ మొయినాబాద్ పోయే ఆటో ఎక్కడం చూసి, తన అనుమానం నిజమేనని మీసం దువ్వుకున్నాడు.

మర్నాడు కంపెనీ తరఫున మహేశ్వర్ వచ్చాడు. పరీక్ష మొదలైంది. టైపు చేస్తుంటే నడుమ చిన్న కిటికీలు జంటగా లేస్తాయి, వాటిని మూసి పని సాగించాలి.

అశ్విని మూసింది.

తెర నల్లబడింది. పక్క పిల్లదీ నల్లబడింది. ఆ వరుస, వెనక వరుస, అన్నీ అమావాస్య అయిపోయాయి.

అశ్విని కీబోర్డు మీది వేళ్లు తీయకుండా అట్లాగే కూర్చుండిపోయింది.

మళ్లీ పరీక్ష పెట్టమని పాండురంగం బతిమాలాడు. అది కుదరదని, పని ఇక మొయినాబాద్‌కే పోతుందని చెప్పి మహేశ్వర్ కారు దగ్గరికి నడిచాడు.

పాండురంగం వెంటబడ్డాడు. నిన్న బాల్‌రాజ్ ఒకామెను పంపి మిషన్లన్నీ పాడు చేయించాడనీ, వెళ్లగొట్టినా ఆమె వచ్చిన పని కానిచ్చుకునే పోయిందనీ కోపంతో ఊగిపోతూ చెప్పాడు.

మహేశ్వర్ కారు తలుపు తీయబోయి ఆగాడు.

"ఎల్లగొట్టినవా? అందుకేనా పొద్దుగాల నుంచి ఫోన్ ఎత్తుతలేదు. ఆమె మా అన్నపూర్ణ మేడమ్. మొయినాబాద్‌కే ఇద్దామని మేమందరం అంటె, ఈ పిల్లలకే రావాలని మాతోని కొట్లాడింది. ఒకరోజు ముందుగాల పోయి మిషన్లు చూసుకుంటనని తనే వచ్చింది."

పాండురంగానికి అప్పటికీ కోపం దిగలేదు. అంత మంచి మనిషే అయితే లార్క్‌ను రాసిన మనిషికి బుద్ధి లేదని ఎందుకు తిట్టిందని అడిగాడు.

మహేశ్వర్ కారెక్కి, అద్దం దించాడు.

"తప్పు దొరికితె ఆమె తన్ను తాను గట్లనే తిట్టుకుంటదన్నా, లార్క్ రాసింది ఆమెనే."