ఎవరి పేరునమ్మా?

“ఇక మా గుమ్మం తొక్కకండి,” అంది వీరవేణి.

చేతిలో కూరగిన్నెతో పాపాయి గడప అవతలే నిలబడిపోయింది.

భర్త పోయాక సత్యలక్ష్మి రాజమండ్రిలో గాజుల కొట్టు నడుపుతూ కూతురు వీరవేణిని పెంచుకొచ్చింది. వెనక వాటాలో జాకెట్లు కుట్టుకునే పాపాయి పదేళ్ళుగా ఆ ఇంటి మనిషే. రెండు పొయ్యిలు ఎప్పుడో ఒకటయ్యాయి. మొన్నటిదాకా వీరవేణి ఆవిడని పిన్నీ అనే పిలిచేది.

మొన్న కాలేజీలో ఓ పిల్ల నవ్వుతూ అడిగింది.

“మీ అమ్మా, ఆ కుట్టుమిషనావిడా మొగుడూ పెళ్ళాల్లా ఉంటారటగా?”

పదహారేళ్ళ పిల్లకి తల కొట్టేసినట్టయింది.

“నేనేం తప్పు చేశానమ్మడూ?” అంది పాపాయి గడప అవతల్నించే.

“ఇన్నేళ్ళు మాతో కలిసి తిన్నారు. మా అమ్మని ఒక్కనాడైనా నోరారా పేరుపెట్టి పిలిచారా? ‘ఇదిగో’, ‘నిన్నే’... అంతేగా. కొట్టుకొచ్చేవాళ్ళు కూడా సత్యలక్ష్మిగారూ అంటారు. మా అమ్మంటే మీకంత చులకనేంటి?”

పాపాయి ముఖం చెవులదాకా ఎర్రబడింది. గిన్నె అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది.

లోపల అంతా విన్న సత్యలక్ష్మి, కూతురి ముఖం చూడలేక తలొంచుకుంది.

ఆ వానాకాలమే ఆవిడకి కామెర్లు ముదిరాయి. ఆస్పత్రి వరండాలో పాపాయి కనపడ్డప్పుడల్లా “అమ్మ పడుకుంది” అని వీరవేణి అబద్ధమాడింది. లోపల అమ్మ కళ్ళు తలుపు వైపే ఉండేవి. అలా చూస్తూనే పోయింది.

ఏడాది తిరిగింది.

సంవత్సరీకానికి మేనమామ గంగరాజుతో కలిసి వీరవేణి కోటిలింగాల రేవుకి వచ్చింది. కింది మెట్టు మీద, ఇంకో పంతులుగారి ముందు పాపాయి కనిపించింది. మనిషి సగమైపోయింది. ఎదురుగా విస్తట్లో బియ్యం, కందిపప్పు, అరటికాయలు, అమ్మకిష్టమైన పొట్లకాయ. పోయినవాళ్ళ పేరుమీద ఇచ్చే స్వయంపాకం.

వీరవేణికి ఏడుపొచ్చింది. క్షమించమని అడుగుదామని దగ్గరికి వెళ్ళింది.

“ఎవరి పేరునమ్మా?” అడిగారు పంతులుగారు.

పాపాయి కొంగు తలమీదికి లాక్కుంది. పెదవులు కదిలాయి గాని మాట పైకి రాలేదు.

“పేరు చెప్పకపోతే ఎలాగమ్మా?”

పాపాయి చుట్టూ చూసింది. పక్కన వీరవేణి కనపడగానే సిగ్గుతో తల వంచుకుంది.

“నువ్వు చెప్పమ్మడూ,” అంది మెల్లగా.

“సత్యలక్ష్మి,” అంది వీరవేణి.

అన్నాక, పాపాయి పక్కన మెట్టు మీద కూర్చుని ఆ కొంగు వైపు చూసింది.

తన చిన్నప్పుడు, జనాభా లెక్కలకొచ్చిన మాస్టారు ఇంటాయన పేరు అడిగినప్పుడు, బతికున్నన్నాళ్ళూ తాతయ్య పేరు నోట పలకని అమ్మమ్మ కూడా సరిగ్గా ఇలాగే కొంగు తలమీదికి లాక్కుని, “నువ్వు చెప్పవే” అని తనవైపు చూసింది.