అప్‌డేట్ అయిన సమ్మె

"అదుగో, లాఠీలకు ఎదురుగా జెండా పట్టుకుని నిలబడ్డది నేనే. మీ అమ్మ అప్పటికే గేటు దాటి పరుగో పరుగు! పడి చెయ్యి కూడా విరగ్గొట్టుకుంది."

టీవీకి తగిలించిన కూతురి గేమ్ బాక్సులో పాత మిల్లు సమ్మె వీడియో డిస్కు పెట్టినప్పుడల్లా యూనియన్ నాయకుడు ఈ మాట అనాల్సిందే. వీడియోలో ఆడా మగా కార్మికులందరివీ ఒకటే ఖాకీ మిల్లు చొక్కాలు, అలుక్కుపోయిన మొహాలు. కాదనేవాళ్ళెవరు? మన ఉద్యమాల చరిత్రలో సగం ఇలాంటి మసకబొమ్మల మీదే కదా నిలబడింది!

ఈసారి బొమ్మ అద్దంలా ఉంది. గేమ్ బాక్సు పొద్దున్నే అప్‌డేట్ అయింది.

"ఆగు నాన్నా," అని కూతురు బొమ్మను ఆపింది. "జెండా పట్టుకున్న మనిషికి జడ ఉందేంటి? అది అమ్మ కదూ! మరి నువ్వెక్కడ?"

లాఠీ ఆమె మోచేతి మీద పడుతోంది. గేటు అవతల నుంచి తొంగిచూస్తున్న నాయకుడి మొహమూ స్పష్టంగానే ఉంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఈ అప్‌డేట్ బొమ్మను పాడుచేసింది. పాతదే మళ్ళీ పెట్టించండి."

"ఇక వెనక్కి పోదండీ," అంది భార్య, వంకరపోయిన మోచేతిని ఒత్తుకుంటూ. "అప్‌డేట్ చేస్తే పాత వీడియోలు బాగా కనిపిస్తాయని ఆ పెట్టె ఎన్నిసార్లు అడిగిందో! మీ మాట పోకూడదని ప్రతిసారీ 'తర్వాత' నొక్కుతూ వచ్చింది నేనే. ఇవాళ ఈ చెయ్యి అలిసిపోయి 'సరే' నొక్కేసింది."