పొగ వైపు గది

ఫ్యాక్టరీ పొగ పిల్లల బుర్రకు మంచిది కాదని డాక్టర్ చెప్పాడు. కొడుకు తన పిల్లల్ని లోపలి గదిలోకి మార్చి, పొగగొట్టం వైపు గదిని తల్లికిచ్చాడు. "ఈ వయసులో అమ్మ బుర్రకి కొత్తగా ఏమవుతుందిలే," అని భార్యతో నవ్వాడు. రెండేళ్లలో ఆమె అతని ముఖమే మరిచిపోయింది.

ఈ రాత్రి మాత్ర ఇద్దామని అతను గదిలోకి వెళ్లగానే, వెనక తలుపుకు తాళం పడిన చప్పుడైంది. తిరిగి చూస్తే, తల్లి లోపలినుంచి తాళం వేసేసి, తడి తువ్వాలును తలుపు కింద సందులో కుక్కుతోంది.

"ఏంటమ్మా ఇది?"

"మెల్లిగా మాట్లాడు బాబూ. అవతల మా అబ్బాయి పడుకున్నాడు. వాడికి పొగ పడదు."

"నీ అబ్బాయిని నేనేనమ్మా!"

ఆమె జాలిగా చూసింది. "అయ్యో, నీకూ మొదలైందా?"

తెరిచిన కిటికీలోంచి పొగ వస్తూనే ఉంది. అతను దగ్గుతూ చెయ్యి చాచాడు. "తాళంచెవి ఇవ్వమ్మా."

ఆమె ఖాళీ చేతులు రెండూ చాలాసేపు చూసుకుంది.

"ఏ తాళంచెవి?"