విల్లు సామాను ధర

"ఇవాళ ఎంత, తాతా?"

ఫోన్ తెర మీద ఆ ప్రశ్న కనబడగానే కటింగ్ మాస్టరు కత్తెర బల్ల మీద పెట్టేశాడు. బట్టల కార్ఖానాలో మధ్యాహ్నం విరామం అరగంటే. అందరూ క్యారియర్లు విప్పుకుంటుంటే అతను తానుల మధ్య స్టూలు వేసుకుని ఆటలోని తన కొట్టు తెరిచాడు.

ఆ ఆటలో కోటలూ రాక్షసులూ బోలెడు. అతనికి మాత్రం ఒక్క చిన్న కొట్టు, ముసలి వడ్రంగి అన్న పేరు. అమ్మేది విల్లంబులు చేసుకునే సామాను: విల్లు చెక్కే రెండు పిడుల కత్తి, నారి పేనే కదురు, బాణాల వంకర తీసే గాడి చెక్క, ఈకలు అతికించే జిగురు. ధర వినగానే అందరూ దండం పెట్టి పోయేవారు. రోజూ వచ్చేది గువ్వ అన్న పేరుతో ఆడే మనిషి ఒక్కరే.

"రెండొందల వెండి నాణేలు" అని కొట్టాడు.

"నిన్న నూట డెబ్బయ్యేగా!"

"కర్ర కరువైంది."

"మొన్న జిగురు కరువన్నారు."

"అదీ కరువే. జ్వరం తగ్గిందా?"

"తగ్గింది. కుందేళ్ళు కొట్టి ఇంకో ముప్ఫై తెస్తా, ఉండండి."

"మీకు మనసెలా ఒప్పుతోంది మాస్టారూ?"

వెనక నుంచి తొంగిచూస్తున్నది గుండీలు కుట్టే ఆవిడ. కార్ఖానా అంతటికీ గుండీల అక్క. మూడు నెలల కిందట మాస్టరు ఫలానా ఆటే కావాలని పట్టుబడితే, ఫోన్ ఎత్తడం, పెట్టడం తప్ప ఏమీ రాని మనిషికి ఓపిగ్గా నేర్పింది ఆవిడే.

"ఎనభైకి మించి పలకదని ఆ రోజే చెప్పానా? వాడు ఎనభై తెస్తే నూట ఇరవై అన్నారు. నూట ఇరవై తెస్తే నూట యాభై. పాపం ఎవరి బిడ్డో, కుందేళ్ళ వెంట పడి చస్తున్నాడు."

"సామాను చేతికొస్తే ఉత్తరపు అడవికి వెళ్ళిపోతారక్కా. అక్కడికి కొట్టువాళ్ళని రానివ్వరు."

"పోతే మీకేం? ఇంకోడొస్తాడు."

మాస్టరు క్యారియర్ విప్పబోయి మళ్ళీ మూత పెట్టేశాడు.

"వంతెన పక్క కొట్లో డెబ్బైకే ఇస్తున్నారు. అయినా వాడు మీ గడపే తొక్కుతున్నాడంటే మీ మీద ఎంత నమ్మకం ఉండాలి! అలాంటి వాణ్ణి పట్టుకుని రోజుకో అబద్ధం చెబుతారా?"

ఆ మాట సూదిలా దిగింది. విరామం అయ్యాక మాస్టరు కత్తెర పట్టాడు. నలభై చొక్కాల చేతులు బెత్తెడు పొట్టిగా తెగిపోయాయి. ఇరవై ఏళ్ళలో అలాంటి పొరపాటు ఎన్నడూ జరగలేదు. సూపర్‌వైజరు తిట్టడానికి వచ్చి, అతని మొహం చూసి ఆగిపోయాడు.

"ఇంట్లో ఏమైనా గొడవా?"

"ఇల్లెక్కడుంది సార్. ఎనిమిది నెలలుగా అద్దె గదిలో ఒక్కణ్ణేగా."

టీ వేళకి మాస్టరు మెట్ల మీద కూర్చున్నాడు. రోజూ చేసే ఇంటి నంబరుకే ఫోన్ చేశాడు. రోజూలాగే రెండు మోతలకే అవతల కట్ చేసేశారు. కాసేపు తెర వంక చూసి ఆట తెరిచాడు. గువ్వ అప్పటికే కొట్టు ముందు నిలబడి ఉంది.

"ఇదిగో తాతా, రెండొందలు."

మాస్టరు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. "తప్పు నాది. కర్ర కరువూ లేదు, జిగురు కరువూ లేదు. నీ దగ్గర ఎక్కువ అడిగాను. ఎనభైకే తీసుకో. అసలు ఊరికే తీసుకో. అడవిలో జాగ్రత్త."

పంపాక కళ్ళు తుడుచుకున్నాడు. గుండీల అక్క టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చుంది.

"ఇచ్చేశారా? మంచి పని చేశారు. ఎగిరి గంతేశాడా?"

"కదలడం లేదక్కా."

గువ్వ ఏదో రాస్తున్నట్టు తెర మీద మూడు చుక్కలు మెరిశాయి. ఆరిపోయాయి. మళ్ళీ మెరిశాయి. టీ చల్లారిపోయింది. మాస్టరు చూస్తుండగా జవాబు వచ్చింది.

"తగ్గించకు నాన్నా, నేను రేపు కూడా రావాలిగా."